సౌర జ్వాలలో లయ వెతకడం ఎలా, దొరికిందని ఎప్పుడు నమ్మాలి

ముందే ఒక మాట చెప్పేస్తాను. సూర్యుడి మీద ఫ్లేర్ పేలినప్పుడు దాని ఎక్స్‌రే గ్రాఫులో లయ కనిపెట్టడం పెద్ద కష్టమేమీ కాదు, శనివారం రెండు పూటలు కూర్చుంటే మీకూ కనిపిస్తుంది. అసలు తిప్పలన్నీ ఆ తర్వాతే, కనిపించిన లయ సూర్యుడిదా మీ లెక్కదా అని తేల్చుకోవడంలో. నేను ఆ సంగతి తెలియక మూడు నెలలు వృథా చేసుకున్నాను, మీరు అదే గుంటలో పడకుండా ఇది రాస్తున్నాను. నేను సైంటిస్టుని కాను. బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో ఉంటూ పగలంతా సాఫ్ట్‌వేర్ రాసుకునే మామూలు ఉద్యోగిని. పైథాన్ వచ్చు, ఇంటర్ ఫిజిక్స్ కాస్త గుర్తుంది. మీకూ అంతే ఉంటే చాలు, టెలిస్కోప్ కూడా అక్కర్లేదు.

అసలు వెతికేదేమిటి

మెలితిరిగిపోయిన అయస్కాంత క్షేత్ర రేఖలు తెగి మళ్ళీ అతుక్కునేటప్పుడు సూర్యుడి వాతావరణంలో ఒక్కసారిగా బయటపడే శక్తే ఫ్లేర్, మన పుస్తకాల భాషలో సౌర జ్వాల. ఎక్స్‌రేల్లో చూస్తే వెలుగు కొద్ది నిమిషాల్లో నిటారుగా ఎగబాకి, ఆ తర్వాత తీరిగ్గా దిగుతుంది. ఆ కొండ వాలు మీద కొన్నిసార్లు చిన్న చిన్న అలలు ఉంటాయి. వీటిని క్వాసీ పీరియాడిక్ పల్సేషన్స్ అంటారు, రోజూ ఆ పని చేసేవాళ్ళు క్యూపీపీలు అనేస్తారు. క్వాసీ అన్న మాట మరిచిపోవద్దు. గడియారం టిక్కుటిక్కులాగా ఇవి ఉండవు. మా రూమ్మేట్‌ది రాజమండ్రి, ఇక్కడ మృదంగం నేర్చుకుంటున్నాడు. మొదటిసారి ఒక గ్రాఫు చూపిస్తే దాని మీద వేళ్ళతో తట్టుకుంటూ పోయి "వీడెవడో నాలాగే కొత్తగా నేర్చుకుంటున్నాడ్రా, తాళం ఉంది గానీ పరిగెడుతోంది" అన్నాడు. క్యూపీపీ అంటే ఏమిటని ఎవరడిగినా ఇప్పుడు నేను ఆ మాటే చెబుతాను.

వీటిని గుర్తించి యాభై ఏళ్ళు దాటింది. 1968 ఆగస్టు 8న వచ్చిన ఒక ఫ్లేర్‌లో మైక్రోవేవ్ తరంగాలూ, శక్తి ఎక్కువున్న ఎక్స్‌రేలూ ఒకేలా 16 సెకన్లకోసారి ఎగిసిపడ్డాయని పార్క్స్, వింక్లర్ 1969లో ప్రకటించారు. ఆ తర్వాత సెకను లోపలి నుంచి నిమిషాల దాకా రకరకాల లయలు బయటపడ్డాయి. అయితే ప్రతి ఫ్లేర్‌లోనూ ఉంటాయని ఆశ పెట్టుకోవద్దు. 2011 నుంచి 2018 దాకా వచ్చిన 5,519 ఫ్లేర్లను ఒకే పద్ధతిలో జల్లెడ పట్టిన హేస్ బృందానికి పెద్దవైన ఎక్స్ తరగతివాటిలో 46 శాతం, వాటికంటే చిన్నవైన ఎం తరగతిలో 29 శాతం, ఇంకా చిన్నవైన సి తరగతిలో 7 శాతం ఫ్లేర్లలోనే నిలకడైన లయకు ఆధారం దొరికింది. అందువల్ల మీ కోడ్ పెట్టిన ప్రతి ఫ్లేర్‌లోనూ లయ ఉందని చెబుతుంటే సంబరపడకండి, కోడ్‌ని అనుమానించండి.

డేటా దించుకోవడం

అమెరికా వాతావరణ సంస్థ ఎన్‌ఓఏఏ వాళ్ళ గోస్ ఉపగ్రహాల ఎక్స్‌రే డేటాతో మొదలుపెట్టడం తేలిక. ఉచితం, ఎవరి అనుమతీ అక్కర్లేదు. పైథాన్‌లో సన్‌పై అనే లైబ్రరీ వేసుకుంటే తేదీ ఇచ్చి నాలుగు లైన్లలో దించుకోవచ్చు. రెండు చానళ్ళు వస్తాయి, తరంగదైర్ఘ్యాన్ని బట్టి ఒకటి 1 నుంచి 8 ఆంగ్‌స్ట్రామ్‌లది, ఇంకోటి 0.5 నుంచి 4 ఆంగ్‌స్ట్రామ్‌లది. మొదటి చానల్లో శిఖరం ఎంత ఎత్తుకు వెళ్ళిందో చూసే ఫ్లేర్‌కి తరగతి ఇస్తారు, చదరపు మీటరుకు వాటులో పదివేలో వంతు తాకితే ఎక్స్1, అందులో పదో వంతైతే ఎం1.

ఇక్కడే మొదటి పొరపాటు కాచుకుని ఉంటుంది. వెబ్‌లో సులువుగా కనిపించే గోస్ గ్రాఫు ఒక నిమిషం సగటుది. నిమిషానికో చుక్క ఉంటే రెండు నిమిషాల కంటే చిన్న లయ ఏదీ అందులో పట్టుబడదు, ఎందుకంటే ఒక అలకి కనీసం రెండు చుక్కలైనా కావాలి (నిజానికి నాలుగైదు ఉంటేనే నేను నమ్ముతాను). కాబట్టి హై రిజల్యూషన్ డేటానే దించండి. గోస్-16లోనూ ఆ తర్వాతివాటిలోనూ సెకనుకో చుక్క వస్తుంది, గోస్-13 నుంచి 15 దాకా ఉన్నవాటిలో 2.048 సెకన్లకోసారి.

టైమంతా యూటీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది, మన టైముకి అయిదున్నర గంటలు కలుపుకోవాలి. ఇది తెలియని విషయమా అనుకోవద్దు, తెల్లవారుజామున కూర్చుని తేదీ మారిపోయిన ఫైలు పట్టుకుని ఫ్లేరేదీ అని వెతికినవాణ్ణి నేను. ఇంకో సంగతి, మార్చి, సెప్టెంబర్ విషువత్తుల చుట్టూ కొన్ని వారాలపాటు ఈ ఉపగ్రహాలు రోజూ కొంతసేపు భూమి నీడలోకి పోతాయి. ఆ సమయంలో డేటాలో గొయ్యి ఉంటుంది. ఆ గొయ్యిని సరళరేఖతో పూడ్చేసి ముందుకెళ్ళిపోకండి, దాని అంచులే మీకు లయలా కనిపిస్తాయి.

బెంగళూరులో ఉన్నందుకు, సూర్యుణ్ణి చూడటానికి ఇస్రో పంపిన ఆదిత్య-ఎల్1 అంటే నాకు కాస్త సొంత ఊరి అభిమానం. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి బయల్దేరి 2024 జనవరి 6న భూమికీ సూర్యుడికీ మధ్య ఉండే ఎల్1 అనే బిందువు చుట్టూ కక్ష్యలో కుదురుకుంది. అందులో సోలెక్స్, హీలియోస్ అనే రెండు ఎక్స్‌రే పరికరాలూ ఇక్కడి యూఆర్ రావు శాటిలైట్ సెంటర్‌లో తయారయినవే. సోలెక్స్ 2 నుంచి 22 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దాకా, హీలియోస్ 8 నుంచి 150 దాకా చూస్తాయి. ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే డేటా దొరుకుతుంది. కానీ మొదటి రోజే అక్కడికి వెళ్ళకండి, గోస్‌తో చెయ్యి తిరిగాక వెళ్ళండి, దీనితో అసలు పని చివర్లో ఉంది.

జవాబు తెలిసిన లెక్కతో మొదలుపెట్టండి

2017 సెప్టెంబర్ 10 నాటి ఫ్లేర్ తీసుకోండి. శిఖరం 16:06 యూటీకి, అంటే మనకి రాత్రి 9:36. పాత జాబితాల్లో ఎక్స్8.2 అని ఉంటుంది, కొత్తగా సరిచేసిన డేటాలో ఎక్స్11 దాటి కనిపిస్తుంది. కంగారు పడకండి, పాత ఉపగ్రహాల అంకెల్ని 0.7తో భాగించాలన్న సవరణ వల్ల వచ్చిన తేడా అది. మొత్తాన్ని ఒకే అంకెతో గుణించినా భాగించినా లయ మారదు కదా. ఈ ఫ్లేర్‌ని ఎందుకు తీసుకోమంటున్నానంటే, దీని ఎగిసే దశలో దాదాపు 65 సెకన్ల లయ, దిగే దశలో దాదాపు 150 సెకన్ల లయ ఉన్నట్టు 2019లో ఇదివరకే తేల్చారు. మీ పద్ధతి ఈ జవాబు దగ్గరికి రాకపోతే లోపం ఎక్కడుందో వెతుక్కోవచ్చు. జవాబు తెలియని ఫ్లేర్‌తో మొదలుపెడితే ఆ వీలు ఉండదు.

గ్రాఫు వేశాక వెంటనే కోడ్ జోలికి పోకండి. ప్రింట్ తీసుకోండి. నేను మా వీధి మూల జిరాక్స్ షాపులో ఏ4 మీద తీయించి, పక్క దర్శినిలో ఫిల్టర్ కాఫీ పెట్టుకుని నిలబడి, పెన్సిల్‌తో ప్రతి ఎత్తు మీదా ఒక గీత పెడతాను. గీతల మధ్య దూరం స్కేలుతో కొలుస్తాను. పాతకాలం పద్ధతే. కానీ మూడు గీతలే పడితే అది లయ కిందికి రాదని కోడ్ కంటే ముందు పెన్సిలే చెప్పేస్తుంది, కనీసం నాలుగు అలలైనా లేనిదాని మీద నేను టైము పెట్టను.

ఇంకో చిట్కా. గోస్ చూసే మెత్తటి (శక్తి తక్కువున్న) ఎక్స్‌రేల గ్రాఫులో అలలు చాలా చిన్నవి, పెద్ద కొండ వాలులో కలిసిపోయి కంటికి ఆనవు. అప్పుడు గ్రాఫు విలువని కాకుండా అది మారే వేగాన్ని, అంటే డెరివేటివ్‌ని గీయండి. మెత్తటి ఎక్స్‌రేలు పెరిగే వేగం కఠిన (శక్తి ఎక్కువున్న) ఎక్స్‌రేల గ్రాఫులా ఉంటుందని 1968లో న్యూపర్ట్ గమనించాడు, ఇప్పటికీ దాన్ని న్యూపర్ట్ ఎఫెక్ట్ అనే అంటారు. డెరివేటివ్ తీయగానే అలలు నిక్కబొడుచుకుని లేస్తాయి. దానితోపాటు నాయిస్ కూడా లేస్తుంది. చూడటానికి వాడుకోండి, నిర్ణయాలన్నీ దాని మీదే పెట్టుకోవద్దు.

నేను పడ్డ గుంట

ఇక అసలు కథ. కొండ వాలుని తీసేస్తే అలలు మిగులుతాయి కదా అన్నది ఎవరికైనా తట్టే ఆలోచన. 60 సెకన్ల మూవింగ్ యావరేజ్ (ప్రతి చుక్క దగ్గరా దాని చుట్టుపక్కల 60 సెకన్ల సగటు) వేసి, దాన్ని అసలు గ్రాఫులోంచి తీసేశాను. అద్భుతం! చక్కటి అలలు, 60 సెకన్లకోటి. ఇంకో ఫ్లేర్ తీసుకున్నాను, మళ్ళీ 60 దగ్గరే. పది ఫ్లేర్లలో అదే వచ్చేసరికి సూర్యుడికి నిమిషం లయ అంటే ఇష్టం కాబోలు అని ఒక సిద్ధాంతం కూడా కట్టేశాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అంటారే, అలా రాత్రి పన్నెండింటి దాకా రూమ్మేట్‌కి చెబుతూ కూర్చున్నాను. వాడు స్క్రీన్ మీది సగటు గీతని వేలితో చూపించి, "ఒరేయ్, ఈ గీత సూర్యుడు గీసిందా, నువ్వు గీసిందా?" అన్నాడు. నేనే అన్నాను. "మరి దాన్ని ఇంకొంచెం పొడుగ్గా గీస్తే?" అన్నాడు.

90 సెకన్ల సగటు వేశాను. 90 సెకన్ల లయ వచ్చింది. 120 వేస్తే 120.

సగటుని తీసేయడం అంటే ఒక ఫిల్టర్ పెట్టడమే. నెమ్మదిగా మారేవాటిని అది మింగేస్తుంది. మరీ వేగంగా మారేవాటికి ఫ్లేర్‌లో మొదటే బలం తక్కువ. రెండూ పోగా మధ్యలో మిగిలేది దాదాపు మీరు పెట్టిన కిటికీ (సగటు తీసిన నిడివి) అంత ఉన్న అలే. అసలు లయ లేకపోయినా వస్తుంది. అందుకే నియమం ఇది: సగటు కిటికీని మూడు నాలుగు సైజుల్లో మార్చి చూడండి, లయ కిటికీతో పాటు కదిలితే అది మీదే. కదలకుండా నిలబడితే సూర్యుడిది కావచ్చు, అప్పుడు కూడా కావచ్చు అనే అంటున్నాను.

కొండని తీయకుండానే వెతకడం

ఈ రంగంలో పనిచేసేవాళ్ళు చాలామంది ఇప్పుడు డీట్రెండింగ్ (ఇలా కొండ వాలుని తీసేయడం) మానేసి, ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత బలం ఉందో చూపే ఫోరియర్ పవర్ స్పెక్ట్రమ్ మీదికి నేరుగా వెళ్తారు, నేనూ అక్కడికే చేరాను. పని ఇలా చేయండి. ముందు ఫ్లేర్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నిర్ణయించుకోండి. గోస్ జాబితాలోనే మొదలు, ముగింపు టైములు ఉంటాయి, శిఖరం నుంచి సగం దిగిన చోట ముగిసినట్టు వాళ్ళు లెక్కేస్తారు. అవే తీసుకోండి. మీకు నచ్చిన లయ వచ్చేదాకా అంచుల్ని అటూ ఇటూ జరపడం మొదలుపెడితే ఇక మిమ్మల్ని ఎవరూ ఆపలేరు. తర్వాత ఆ భాగం మొత్తానికి ఉన్న ఒకే ఒక్క సగటు అంకెని తీసేసి, రెండు చివర్లూ సున్నాకి దిగేలా హాన్ విండోతో గుణించండి. లేకపోతే ఎడమ చివర కింద, కుడి చివర పైన ఉండి, ఆ ఎగుడుదిగుడు స్పెక్ట్రమ్ అంతా చిందుతుంది. ఇప్పుడు ఎఫ్‌ఎఫ్‌టీ (ఫోరియర్ లెక్కని వేగంగా చేసే పద్ధతి) చేసి, పవర్‌నీ ఫ్రీక్వెన్సీనీ రెండింటినీ లాగ్ స్కేల్లో గీయండి.

ఎడమ నుంచి కుడికి జారుడుబల్లలా దిగే గీత వస్తుంది, చివర్లో చదునవుతుంది. ఆ జారుడుబల్లే రెడ్ నాయిస్. ఇప్పటి విలువ ఇంతకుముందటి విలువ మీద ఆధారపడి నడిచే దేనిలోనైనా ఇది ఉంటుంది. షేర్ మార్కెట్ గ్రాఫు చూసి ప్రతివాడికీ ఏదో ఒక ప్యాటర్న్ కనిపిస్తుంది చూడండి, ఆ జబ్బుకి మూలం ఇదే: ఏ లయా లేకపోయినా రెడ్ నాయిస్ పెద్ద పెద్ద అలల్ని తనంతట తానే పుట్టిస్తుంది. ఫ్లేర్‌లో నిజంగా లయ ఉంటే ఆ జారుడుబల్ల మీద ఒకచోట మూపురంలా ఉబ్బు కనిపించాలి.

ఒక్క చుక్క పైకి లేస్తే ఉబ్బు అనుకోకండి. పది నిమిషాల ఫ్లేర్ సెకనుకో చుక్క చొప్పున 600 చుక్కలు, అంటే 300 ఫ్రీక్వెన్సీలు. నూటికొకసారి మాత్రమే యాదృచ్ఛికంగా వచ్చేంత ఎత్తు అని మీరు గీత పెట్టుకున్నా, 300లో మూడు ఊరికే దాన్ని దాటతాయి. అందుకే మోడళ్ళని పోటీ పెట్టాలి. ఒకటి ఉత్త జారుడుబల్ల, రెండోది జారుడుబల్ల మీద ఉబ్బు, మూడోది మధ్యలో వాలు మారిన జారుడుబల్ల. మూడింటికీ బీఐసీ (మోడళ్ళని పోల్చే మార్కు, తక్కువ వస్తే మేలు) లెక్కేయండి, ఎక్కువ పరామితులు వాడుకున్న మోడల్‌కి అది జరిమానా వేస్తుంది. ఉబ్బు మోడల్ మిగతా రెండింటి మీదా 10కి పైగా తేడాతో గెలిస్తేనే గట్టి ఆధారం. అఫీనో అనే పద్ధతి చేసేది ఇదే, నేను పైన చెప్పిన 46 శాతం లెక్క కూడా దీనితో వచ్చిందే. మూడో మోడల్ ఎందుకని నేను మొదట వదిలేశాను. వాలు విరిగిన చోటనే నా కోడ్ ఉబ్బు అనుకుని ఎగిరి గంతేసింది.

దొంగ ఫ్లేర్లు

ఈ ఒక్క పని మాత్రం ఎగ్గొట్టకండి. లయ ఏమీ లేని దొంగ ఫ్లేర్లు వంద తయారుచేసి మీ కోడ్‌కి పెట్టండి. తయారీ సులువే. నిజమైన ఫ్లేర్ నుంచి వచ్చిన జారుడుబల్ల వాలు తీసుకుని, ప్రతి ఫ్రీక్వెన్సీకీ అక్కడి పవర్ వర్గమూలంతో రెండు యాదృచ్ఛిక సంఖ్యల్ని గుణించి, వెనక్కి ఎఫ్‌ఎఫ్‌టీ చేస్తే కొత్త గ్రాఫు వస్తుంది. టిమ్మర్, కోనిగ్ 1995లో చెప్పిన పద్ధతి ఇది. వందలో ఎన్నింటికి మీ కోడ్ "లయ ఉంది" అంటుందో లెక్కపెట్టండి. ఒకటో రెండో అయితే ఫరవాలేదు, ఇరవై అంటే దాన్ని ఇంకా ఇంటి బయటికి పంపకూడదు. నా పాత 60 సెకన్ల కోడ్‌కి ఇవే పెడితే అన్నింటికీ ఉందనే చెప్పింది. ఆ రోజు కడుపులో కలుక్కుమంది గానీ, పీడ వదిలింది కూడా.

తర్వాత తిరగేసి చేయండి. దొంగ ఫ్లేర్‌లో మీరే ఒక 40 సెకన్ల లయ దాచి, కోడ్ పట్టుకుంటుందా చూడండి. ఎంత చిన్న అల దాకా పట్టుకుంటుందో అప్పుడు తెలుస్తుంది.

ఫోరియర్‌తో ఒక చిక్కుంది. లయ వేగం పోనుపోను మారితే, అంటే మా రూమ్మేట్ అన్నట్టు తాళం పరిగెత్తినా కుంటినా, ఉబ్బు పలచబడి దొరక్కుండా పోతుంది. అప్పుడు వేవ్‌లెట్ వాడాలి, ఏ సమయంలో ఏ లయ ఉందో పటంలా చూపిస్తుంది. టోరెన్స్, కాంపో 1998లో ఇచ్చిన కోడ్‌నే అందరూ వాడతారు. రెండు జాగ్రత్తలు. అంచుల దగ్గర గీసిన కోన్ ఆఫ్ ఇన్‌ఫ్లుయెన్స్ (అంచుల ప్రభావం పడని చోటుకి హద్దు) బయట కనిపించే దేన్నీ నమ్మకండి. ఆ కోడ్ తనంతట తాను ఊహించుకునే నాయిస్ మోడల్ ఫ్లేర్లకి చాలాసార్లు సరిపోదు కాబట్టి, 95 శాతం నమ్మకం గీత దాటింది కదా అని సంతకం పెట్టేయకండి. అందంగా ఉంటుంది, అదే దానితో ప్రమాదం.

రెండో సాక్షి

ఇంతదాకా వచ్చి లయ నిలబడితే, ఇప్పుడు ఇంకో పరికరం డేటా తీయండి. ఎందుకంటే పరికరాలకీ సొంత లయలుంటాయి. 2002 నుంచి 2018 దాకా పనిచేసిన రెస్సీ ఉపగ్రహం దాదాపు 4 సెకన్లకోసారి తన చుట్టూ తాను తిరిగేది, దాని లెక్కల్లో ఆ తిరుగుడు కనిపించేది. దాన్ని సూర్యుడి మీదికి నెట్టేస్తే సూర్యుడేం చేస్తాడు పాపం.

2024 ఆరంభం తర్వాతి ఫ్లేర్లకి ఆదిత్య మంచి సాక్షి. ఒక చిన్న కిటుకు ఉంది. ఆదిత్య మనకంటే దాదాపు 15 లక్షల కిలోమీటర్లు సూర్యుడి వైపు ఉంది, వెలుగు సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పోతుంది, కాబట్టి అదే ఫ్లేర్ ఆదిత్యకి గోస్ కంటే దాదాపు 5 సెకన్ల ముందు కనిపిస్తుంది. రెండు గ్రాఫుల్నీ ఒకదాని మీద ఒకటి వేసి ఏది ముందు, ఏది వెనక అని వెతికేటప్పుడు ఈ 5 సెకన్లు సర్దుకోకపోతే, లేని భౌతికశాస్త్రం ఒకటి కనిపెట్టేస్తారు.

కారణం చెప్పేముందు

లయ ఎందుకొచ్చిందన్నది ఇప్పటికీ తేలని వాదన. ఒక వర్గం, ఫ్లేర్ లూపులు (అయస్కాంత రేఖల వెంట విల్లులా వంగిన వేడి ప్లాస్మా) వీణ తీగల్లా కంపిస్తున్నాయంటుంది. ఇంకో వర్గం, శక్తి విడుదలే విడతలు విడతలుగా జరుగుతోందంటుంది. మీరు మాత్రం ఒక చిన్న గుణకారం చేసి చూడవచ్చు. కోటి డిగ్రీల ప్లాస్మాలో ధ్వని వేగం సెకనుకి దాదాపు 480 కిలోమీటర్లు. లూపు పొడవు 50,000 కిలోమీటర్లయితే అల వెళ్ళి తిరిగి రావడానికి 1,00,000 బై 480, అంటే 200 సెకన్ల పైచిలుకు. మీకు దొరికింది 10 సెకన్ల లయ అయితే ఈ రకం అల దానికి కారణం కాలేదు, అంతవరకు ఖాయంగా అనొచ్చు. 200 దొరికితే "సరిపోతోంది" అనండి, "ఇదే" అనకండి.

చేసిన ప్రతి ఫ్లేర్‌నీ నోట్‌బుక్‌లో రాయండి. ఏ ఉపగ్రహం, ఏ చానల్, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా, ఏ మోడల్ ఎంత తేడాతో గెలిచింది. ఏమీ దొరకనివి కూడా రాయాలి, ముఖ్యంగా అవే.

అభ్యాసం అయ్యాక సొంతంగా చేయడానికి 2024 అక్టోబర్ 3 నాటి ఎక్స్9.0 ఫ్లేర్ తీసుకోండి. శిఖరం 12:18 యూటీకి, మనకి సాయంత్రం 5:48. అప్పటికి బెంగళూరులో సూర్యుడు ఇంకా పూర్తిగా అస్తమించలేదు. నేను సిల్క్‌బోర్డ్ సిగ్నల్ దగ్గర ఇరుక్కుని, కళ్ళలో పడుతున్న ఎండని తిట్టుకుంటూ ఉన్నానని తర్వాత లెక్కేసుకుంటే తెలిసింది. దాని డేటా మీద మీ లెక్క మీరు వేయండి. నా నోట్‌బుక్‌లో ఆ తేదీ పక్కన ఏం రాసుకున్నానో మాత్రం చెప్పను, చెబితే మీరూ అదే వెతుకుతారు.